అల్లుడుగారు వచ్చే దారి

"హుష్!"

పొదల్లోంచి ముందు ఒక చెయ్యి వచ్చింది. దాని వెనకే ఒక మొహం, ఆ మొహంలో పెదవుల మీద అడ్డంగా ఒక వేలు. మలుపు తిరిగి జోరుగా పరిగెత్తుకొస్తున్న కెప్టెన్ ఉన్నపళంగా ఆగిపోయాడు. వెనక వస్తున్న గుంపంతా ఒకరి వీపు మీద ఒకరు పడి, గూడ్సు బండి పెట్టెల్లా వరసగా ఆగింది.

ఆదివారం పొద్దున. వాన అప్పుడే వెలిసింది. కొండ మీద చెట్లు ఇంకా తీరిగ్గా నీళ్లు కారుస్తున్నాయి.

కెప్టెన్ అంటే ఓడ నడిపేవాడు కాదు. వారమంతా లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. నాలుగు గోడల మధ్య, గ్రీజు మరకల మధ్య రోజులు గడిపేవాడికి ఆదివారం వస్తే చాలు, కాళ్లు ఆగవు. ఈ కొండదారిలో పరిగెత్తే గుంపుని పోగుచేసింది అతనే. అందుకే వాళ్లంతా అతన్ని కెప్టెన్ అంటారు. అలాంటివాణ్ణి అతని సొంత దారిలో ఎవరో ఆపేసరికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎవరండీ మీరు? దారికి అడ్డంగా ఏంటిది?"

"కొంచెం మెల్లగా మాట్లాడండి."

"మెల్లగానే మాట్లాడుతున్నాను!"

"దీన్ని మెల్లగా అనరు. అరవడం అంటారు."

పచ్చటి రెయిన్‌కోటు, జుట్టు నిండా ఆకులు, మెడలో బైనాక్యులర్స్, ఎడం చెంప మీద మట్టి మరక. కోపంలో ఉన్నాడు కాబట్టి ఆ మరక ఆమెకు ఎంత నప్పిందో అతను గమనించలేదు. గమనించలేదనే తర్వాత అక్కతో చెప్పాడు. అక్క నమ్మలేదు.

ఆమె మాట్లాడకుండా వేలెత్తి చూపించింది. కాస్త దూరంలో ఒక మహావృక్షం. దాని మాను మీద, మూడంతస్తుల ఎత్తున, మట్టితో మెత్తినట్టున్న ఒక గుండ్రటి మచ్చ. మచ్చ మధ్యలో సన్నటి నిలువు చీలిక.

"అది తొర్ర. లోపల తల్లీ పిల్లా ఉన్నారు. హార్న్‌బిల్ అంటారు, ముక్కు మీద ఇంకో ముక్కు మొలిచినట్టుంటుంది. గుడ్లు పెట్టే ముందు ఆవిడ లోపలికెళ్లి తలుపు మూసేసుకుంటుంది. గోడ కట్టేసుకుంటుంది, నిజంగానే. తిండంతా మొగపక్షి తెచ్చి ఆ చీలికలోంచి అందించాల్సిందే. నేను ఆ పక్షుల మీద పరిశోధన చేస్తున్నాను. ఇవాళ పొద్దున్నించి మా అల్లుడుగారు రావడం, తిరిగి వెళ్లిపోవడం."

"అల్లుడుగారా?"

"మరి? పళ్లు పట్టుకుని వస్తాడు. ఎదురు కొమ్మ మీద దర్జాగా వాలి, మర్యాదలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుంటాడు. చిన్న తేడా కనిపించిందో, అలిగి వెళ్లిపోతాడు."

గుంపులో ఎవరో కిసుక్కుమన్నారు. "హుష్!" అంది ఆమె మళ్లీ. ఆ క్షణం నించి ఆమెకు హుష్ మేడమ్ అన్న పేరు ఖాయమైపోయింది.

"చూడండి మేడమ్," అన్నాడు కెప్టెన్, ఈసారి నిజంగానే గుసగుసగా, "మేం ఒక్క కాగితం ముక్క కూడా పారెయ్యం. ఇతరులు పారేసింది కూడా ఏరుకెళ్తాం. పాటలు పెట్టుకోం, కేకలు వెయ్యం."

"నాకు తెలుసు. చూస్తూనే ఉన్నాగా. మీరు చాలా మంచివాళ్లు."

"మరి ఇంకేంటి?"

"మంచివాళ్లని చూసినా అతను భయపడతాడండీ."

తగవు పడేవాళ్లు ఎదటివాణ్ణి తిట్టాలి గానీ ఇలా మెచ్చుకుని నోరు మూయించడం ఏం పద్ధతి?

"అయినా మీ దారి కింద కదా, ఇటెందుకొచ్చారు?" అని ఆమే అడిగింది.

కెప్టెన్ గర్వంగా కొమ్మలకు కట్టి ఉన్న నారింజరంగు రిబ్బన్లు చూపించాడు. "వచ్చే నెల పెద్ద పరుగు ఉంది. మూడు వందల మంది వస్తున్నారు. దానికోసం మా డాక్టరుగారు కొత్త దారి గుర్తుపెట్టారు. ఇవాళే మొదలుపెట్టాం, పొద్దున్నించి ఇటే తిరుగుతున్నాం."

ఆయాసపడుతూ వెనక నించున్న డాక్టరుగారు కళ్లజోడు సర్దుకున్నాడు. "నేనా? నేను కట్టలేదయ్యా. నువ్వు కట్టావేమో అనుకున్నాను."

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ ఆమె వైపు చూశారు. ఆమె మొహంలో రంగు మెల్లగా దిగిపోయింది.

"అవి నావి," అంది. "తెల్లారకముందే రావాలి కదా, దారి తప్పకుండా నేనే కట్టుకున్నాను."

కొండదారి పరుగులవాళ్లు దారిని రిబ్బన్లతోనే గుర్తుపెడతారని ఆమెకు తెలియదు. అడవిలో పనిచేసేవాళ్లూ అదే రిబ్బను కడతారని వీళ్లకు తెలియదు. ఆమె అక్కడే ఉన్న రాయి మీద కూలబడింది.

"అయితే మిమ్మల్నందర్నీ చెయ్యిపట్టుకుని వాళ్ల గుమ్మం ముందుకు తీసుకొచ్చింది నేనేనన్నమాట."

కెప్టెన్ కోపం ఎటు పోయిందో పోయింది. చప్పుడు చెయ్యకుండా వెళ్లి మొదటి రిబ్బను విప్పాడు. ఆ తర్వాత రెండోది.

"పెద్ద పరుగు ఈ చెట్టు దగ్గర ఉండదు లెండి. కింద మా పాత దారినే పెట్టుకుంటాం."

"అదీ అతనికి కనిపిస్తుంది. పిల్ల బయటికి రావడానికి ఇంకా నెల పైనే ఉంది. ఆ పరుగుకి ముందు ప్రాక్టీసుకి ఎంతమంది వస్తారు, ఎన్ని రోజులు?"

"రోజూ," అన్నాడు కెప్టెన్ చిన్నగా.

"రోజూ అర్ధాకలి అయితే పిల్ల బతకదు. తల్లి గోడ పగలగొట్టుకుని వద్దామన్నా, లోపలున్నప్పుడు ఆమె పాత ఈకలన్నీ రాలిపోతాయి. ఎగరలేదు." ఆమె లేచి నిలబడింది. "మిమ్మల్ని ఆపే అధికారం నాకు లేదు. అడగడం వరకే."

ఏడాదిగా ఆ పరుగు కోసం తిరిగి తిరిగి చెప్పులరగదీసినవాడు కెప్టెన్. అంత తేలిగ్గా ఎలా వదులుకుంటాడు?

"నాకు చూపించండి. కళ్లారా చూస్తే గానీ నమ్మను."

"కదలకుండా కూర్చోగలరా?"

"ఓ, దానికేముంది!"

అతని అక్క ఆ మాట విని ఉంటే పడీపడీ నవ్వి ఉండేది.

* * *

అక్కకు కళ్లజోళ్ల షాపు. ఊరి చివర, కొండకు ఎదురుగా ఉన్న ఎనిమిదంతస్తుల బిల్డింగులో, కింద లిఫ్టు పక్కనే. ఆ లిఫ్టు చూసేది తమ్ముడే. పైన టెర్రస్ మీది మెషీన్ గదిలో అతను పనిచేస్తుంటే, కింద అక్క లిఫ్టు తలుపుల సందులో నోరు పెట్టి "ఒరేయ్, అన్నానికి రా!" అని ఒక్క కేక వేస్తుంది. ఆ కేక బావిలోంచి వచ్చినట్టు ఎనిమిదంతస్తులూ ఎక్కి పైకి చేరుతుంది. పైనించి అతనేమన్నా గొణుక్కున్నా అలాగే కిందికి దిగుతుంది. అందుకే అక్క దగ్గర అతనికి రహస్యాలు తక్కువ.

"ఎవర్రా ఆ అమ్మాయి?" అంది అక్క, ఒక కళ్లజోడుకి స్క్రూ బిగిస్తూ.

"ఏ అమ్మాయి?"

"చెట్టు చూడ్డానికి వెళ్తున్నానని పొద్దున్నించి మూడు చొక్కాలు మార్చావు. చెట్టుకి నీ చొక్కా ఏం తెలుస్తుంది?"

"పచ్చరంగుది వేసుకోమన్నారు. పక్షికి కనపడకూడదట."

"పక్షికి కనపడకూడదు. ఆ అమ్మాయికి?"

తమ్ముడు అక్కడి నుంచి జారుకున్నాడు. బయట మేడిచెట్టు కింద పెట్టిన అతని స్కూటర్ సీటు నిండా పండ్లు రాలి చితికిపోయి ఉన్నాయి. ఈ చెట్టు కొట్టించెయ్యాలని బిల్డింగులో అందరూ అంటూనే ఉన్నారు. అక్క మరీను.

* * *

ఆమె కూర్చునే చోటు ఒక పచ్చగుడ్డ గుడారం. ఇద్దరు పడితే మూడో మనిషి నీడకు కూడా చోటుండదు. ముందు గుడ్డలో చూడ్డానికి ఒక కంత.

కెప్టెన్ కూర్చున్నాడు. కాసేపటికి కాలు తిమ్మిరెక్కింది. ముక్కు మీద దోమ వాలింది. చెయ్యెత్తబోతే ఆమె చటుక్కున అతని మణికట్టు పట్టుకుని తల అడ్డంగా ఊపింది. దోమ కడుపునిండా తాగి వెళ్లింది. ఆమె చెయ్యి తీసేసింది గానీ, మణికట్టు చాలాసేపు ఆ సంగతి మర్చిపోలేదు.

అప్పుడు వినిపించింది.

ఎవరో కొండ మీద నిలబడి పెద్ద దుప్పటి దులుపుతున్నట్టు. హూప్... హూప్... హూప్... ఆ చప్పుడు చెవికంటే ముందు ఛాతీకి తగిలింది. చెట్ల పైనించి ఒక నల్లటి నీడ జారింది. మనిషి బారంత రెక్కలు, పసుపు పచ్చటి పెద్ద ముక్కు, ఆ ముక్కు మీద కిరీటం లాంటి కొమ్ము. ఎదురు కొమ్మ మీద వాలితే ఆ లావుపాటి కొమ్మ ఊగింది.

అల్లుడుగారు వచ్చారు.

మెడ చాచి అటు చూశాడు, ఇటు చూశాడు. కెప్టెన్ ఊపిరి బిగబట్టాడు. పక్షి ఎగిరి తొర్ర దగ్గర మానుని పట్టుకుంది. గొంతు ఒక్కసారి కదిలించింది. ముక్కు కొసన ఒక పండు ప్రత్యక్షమైంది. అంత పెద్ద ముక్కు, రోలంత మోటుగా ఉన్న ముక్కు, ఆ పండుని ఎంత సుతారంగా పట్టుకుందంటే తొక్క కూడా నలగలేదు. చీలికలోంచి ఇంకో ముక్కు కొస బయటికొచ్చి దాన్ని అందుకుంది. మళ్లీ గొంతు కదిలింది. మళ్లీ ఒక పండు. ఇంకోటి. ఇంకోటి. గారడీవాడు టోపీలోంచి తీస్తున్నట్టు తీస్తూనే ఉన్నాడు. లోపలావిడ అందుకుంటూనే ఉంది.

ఒకరి మొహం ఒకరికి కనిపించదు. నెలల తరబడి ఇంతే. ఆ వేలెడు సందులోంచి ఒక సంసారం నడుస్తోంది.

కెప్టెన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎందుకో అతనికే తెలియలేదు. పక్కకు తిరిగి చూస్తే ఆమె కళ్లలోనూ తడి ఉంది. రోజూ చూసే మనిషికి కూడా!

పక్షి వెళ్లాక ఆమె చెవి దగ్గర గుసగుసలాడింది. "ఎలా ఉంది?"

"అయిదేళ్లుగా ఈ కొండ మీద పరిగెడుతున్నాను. ఒక్కసారి కూడా ఇతన్ని చూళ్లేదు."

"అతను మిమ్మల్ని అయిదేళ్లుగా చూస్తూనే ఉన్నాడు."

ఒళ్లు జల్లుమంది కెప్టెన్‌కి. ఇంతలో ఇంకో సంగతి గుర్తొచ్చి నుదురు కొట్టుకోబోయి, కదలకూడదని ఆగాడు.

"ఈ చప్పుడు నాకు తెలుసండీ! మా బిల్డింగు పైన మెషీన్ గదిలో పొద్దున పూట వినిపిస్తుంటుంది. గాలి ఫ్యాన్ అరుగుతోందనుకుని దానికి రెండుసార్లు గ్రీజు పెట్టాను."

ఆమె కళ్లు పెద్దవయ్యాయి. "మీ బిల్డింగు దగ్గర మేడిచెట్టు ఉందా?"

"ఉంది. నా స్కూటర్ మీదే ఉంది."

"అతను తెచ్చే మేడిపండ్లు ఎక్కడివో తెలీక నేను కొండంతా గాలించాను." ఆమె నవ్వు ఆపుకోలేక నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుంది. భుజాలు ఊగుతున్నాయి. "ఆ చెట్టు కొట్టనివ్వకండి. ప్లీజ్."

"నా ప్రాణం అడ్డమేస్తాను," అన్నాడు కెప్టెన్. అంత పెద్ద మాట అవసరమా అని తనకే అనిపించింది గానీ, అప్పటికే అనేశాడు.

రెండోసారి దుప్పటి దులిపిన చప్పుడు వచ్చినప్పుడు ఎండ కాస్త ఎక్కింది. లోపలావిడకు ఆ చప్పుడు తెలుసు. పక్షి ఇంకా కొమ్మ మీద వాలనేలేదు, చీలికలోంచి ముక్కు కొస బయటికొచ్చి ఎదురుచూస్తోంది.

అల్లుడుగారు మెడ చాచాడు. అక్కడే బిగుసుకుపోయాడు.

దూరంగా, దిగువన, చెట్ల సందులో ఒక నీలం చుక్క కదులుతోంది. క్లబ్బు చొక్కా. డాక్టరుగారు. ఒక్కడే, చప్పుడు లేకుండా, తన మానాన తను ఆ పాత దారిలో పరిగెడుతున్నాడు. పాపం, ఆయనకు తల పైకెత్తే ఓపిక కూడా ఉన్నట్టు లేదు.

పక్షి గొంతు నిండా పండ్లున్నాయి. అయినా రెక్క విప్పి, కొండ అవతలికి వెళ్లిపోయింది.

నీలం చుక్క దాటిపోయింది. అడవి మళ్లీ నిశ్శబ్దమైంది. ఆ ముక్కు కొస మాత్రం ఇంకా చీలికలోనే ఉంది. చాలాసేపు అలాగే ఉంది. తర్వాత మెల్లగా లోపలికి వెళ్లిపోయింది.

ఆ చొక్కా రంగు ఎంచుకున్నది కెప్టెనే. దూరం నుంచి కూడా బాగా కనిపిస్తుందని.

* * *

"కుదరదయ్యా," అన్నాడు డాక్టరుగారు. షాపు మూసే వేళకు గుంపంతా అక్క షాపులో చేరింది. చోటు చాలక కొందరు లిఫ్టు ముందు మెట్ల మీద కూర్చున్నారు. "ఏడాది కష్టపడ్డాం. మూడు వందల మంది పేర్లిచ్చారు. ఇప్పుడు పిట్ట కోసం పాత క్వారీ రోడ్డు మీద పరిగెత్తమంటే నవ్విపోతారు. అక్కడ చెట్టు లేదు, చేమ లేదు, అంతా దుమ్ము."

"ఒక్క పూట వెళ్లొస్తే ఏమైపోతుంది కెప్టెన్?" అన్నారు ఇంకొకరు. "మనం దాన్ని ముట్టుకుంటామా, రాయి విసురుతామా?"

కెప్టెన్ అందరి మొహాలూ చూశాడు. వీళ్లు లేకపోతే అతనికి ఆదివారమే లేదు.

"డాక్టరుగారూ, మీరు ఈ లిఫ్టులో ఇరుక్కుపోయిన రోజు గుర్తుందా?"

"ఎందుకు గుర్తులేదు? రెండంతస్తుల మధ్య ఆగి చచ్చింది."

"తలుపు చెయ్యి పట్టేంత తెరుచుకుంది. బిల్డింగు బిల్డింగంతా ఆ తలుపు ముందు చేరింది. ఒకరు మంచినీళ్లు, ఒకరు విసనకర్ర, ఒకరు ధైర్యం చెప్పడం. అందరూ మంచివాళ్లే. ఒక్కరూ మీ చెడు కోరినవాళ్లు కారు. నేను తాళం పట్టుకుని మెట్ల మీద నిలబడ్డాను. తలుపు దగ్గరికి రావడానికి నాకు సందు లేదు. జరగండి మొర్రో అంటే, 'ఉండవయ్యా, లోపల మనిషున్నాడు' అని నన్నే కసిరారు." కెప్టెన్ డాక్టరుగారి వైపు తిరిగాడు. "అప్పుడు లోపల మీకేమనిపించింది సార్?"

డాక్టరుగారు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. అక్క షాపులో బోలెడు మెత్తటి గుడ్డలున్నా, చొక్కాతోనే తుడుస్తున్నాడు.

"అందరూ వెళ్లిపోతే బాగుండుననిపించింది," అన్నాడు చివరికి. "వెళ్లిపోయి, ఆ ఒక్కడూ వస్తే చాలనిపించింది."

కెప్టెన్ తల ఊపాడు.

"మనం ఆ తలుపు ముందు జనం సార్. అంతే. తాళం ఉన్నవాడు ఎదురు కొమ్మ మీద కూర్చుని ఉన్నాడు."

డాక్టరుగారు కళ్లజోడు పెట్టుకున్నాడు. "క్వారీ రోడ్డులో మరీ అంత దుమ్ముండదు లే. వానాకాలమేగా," అన్నాడు.

* * *

ఆ కబురు మోసుకుంటూ కెప్టెన్ గాల్లో తేలుతూ కొండెక్కాడు. పరుగు మారింది, రోజూ చేసే ప్రాక్టీసూ మారింది, మేడిచెట్టు జోలికి ఎవరూ రాకుండా అక్క మాట ఇప్పించింది. ఆమె రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, చప్పుడు చెయ్యకుండా గెంతింది. ఇంత సంతోషంగా ఇంత నిశ్శబ్దంగా గెంతగలిగే మనిషిని అతను ఎక్కడా చూడలేదు. ఇక చెప్పెయ్యాలి అనుకుని నోరు తెరిచాడు.

"ఒక మాట..." అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"ముందు మీరు చెప్పండి," అన్నాడు.

ఆమె నేల చూపులు చూసింది. "ఇంక మీరు కూడా రాకండి."

"నేనా?" అన్నాడు కెప్టెన్.

"మీరొచ్చిన పూటల్లో అల్లుడుగారు తక్కువసార్లు వస్తున్నాడు. నేనొక్కదాన్నీ అయితే అలవాటు పడ్డాడు. ఇద్దరమంటే... ఆ గుడారంలో ఒకళ్లు ఎక్కువ. మీరేదో చెప్పబోయారు?"

"ఏం లేదండీ. జాగ్రత్తగా ఉండమని, అంతే."

మొహం వేలాడేసుకుని షాపుకొచ్చి కూర్చున్నాడు. అక్క ఒక కంట చూసింది.

"ఏరా, అల్లుడుగారు అలిగారా?"

"వేళాకోళం ఆడకు అక్కా. రావద్దని చెప్పేసింది."

"రావద్దందా? ఇష్టం లేదందా?"

"రెండూ ఒకటేగా!"

"ఒకటెలా అవుతుందిరా తింగరోడా?" అని అక్క స్క్రూడ్రైవర్‌తో నెత్తిన ఒక్కటిచ్చింది. "నువ్వు ఆ గుంపు మొత్తానికీ ఏం పాఠం చెప్పావు? అది నీకు పనికిరాదా?"

అతను ఆ రాత్రి ఆలోచించాడు. అల్లుడుగారు ఏం చేస్తాడు? వస్తాడు, ఇస్తాడు, వెళ్లిపోతాడు. మొహం కూడా చూడడు. అయినా అంతకంటే దగ్గరితనం అతను ఎక్కడా చూడలేదు.

మర్నాడు పనికెళ్లే ముందు, కొండ మొదట్లో ఉన్న బోర్డుకి ఒక టిఫిన్ డబ్బా తగిలించాడు. బ్రెడ్డు, ఉడకబెట్టిన గుడ్లు, అరటిపళ్లు, పైన ఒక జత పొడి సాక్సులు. ఆగకుండా, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు. సాయంత్రం వెళ్తే డబ్బా ఖాళీగా, కడిగి ఉంది. లోపల నున్నటి పెద్ద గింజలు గుప్పెడు.

ఏమిటో మొదట అర్థం కాలేదు. ఆ తర్వాత తట్టింది. తొర్ర కింద నేల మీద రాలే గింజలు ఇవే. గింజలున్నాయంటే అల్లుడుగారు వచ్చినట్టు. గుప్పెడున్నాయంటే లోపలివాళ్ల కడుపు నిండినట్టు.

"డబ్బా కడిగి ఇచ్చిందా? అయితే మంచి పిల్లే," అంది అక్క. "కానీ గుడ్లు పంపినవాడికి గింజలు పంపడమేంట్రా?" అంటూనే ఆ గింజల్ని పాత పెయింటు డబ్బాలో మట్టి పోసి నాటింది.

రోజూ డబ్బా వెళ్లేది. రోజూ గింజలు వచ్చేవి. ఆమె కనిపించేది కాదు. క్వారీ రోడ్డు మీద పెద్ద పరుగు వానలో జరిగింది. మూడు వందల మందీ మోకాళ్ల దాకా బురద పూసుకుని, ఇంత బాగా ఎప్పుడూ పరిగెత్తలేదన్నారు. ఆ రోజు సాయంత్రం డబ్బాలో గింజలు రెండు గుప్పెళ్లున్నాయి. కెప్టెన్‌కి అంతకు మించిన మెడల్ అక్కర్లేకపోయింది.

ఆ తర్వాత ఒకరోజు డబ్బా పెట్టింది పెట్టినట్టే ఉంది. మర్నాడూ అంతే. అతను కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. అటవీ ఆఫీసుకి ఫోన్ చేస్తే, మేడమ్ బాగానే ఉన్నారు, కొండ మీదే ఉన్నారు అన్నారు. బాగానే ఉంది. అయినా డబ్బా ముట్టుకోలేదు. కొండ మొదట్లో నిలబడి పైకి చూశాడు. నాలుగంగల్లో ఎక్కగలడు. ఎక్కలేదు. ఆగిపోవడం పరిగెత్తడం కన్నా ఇంత కష్టమని అతనికి అంతవరకు తెలియదు.

* * *

ఆ వారం చివర టెర్రస్ మీద మెషీన్ గదిలో లిఫ్టు ఆపేసి మోటారు విప్పుతుంటే, మెట్ల మీద ఎవరో దడదడా ఎక్కుతున్న చప్పుడు వినిపించింది.

"కెప్టెన్!"

ఎవరిదో పెద్ద గొంతు, గంట కొట్టినట్టు ఖంగుమంటోంది. అతను బయటికొచ్చి చూశాడు. హుష్ మేడమ్. పాంటంతా బురద, జుట్టు నిండా ఆకులు, ఎనిమిదంతస్తులు ఎక్కిన ఆయాసం.

"మీ గొంతు ఇంత పెద్దదా?" అన్నాడు కెప్టెన్ ఆశ్చర్యపోయి. ఇన్నాళ్లూ అతను విన్నది గుసగుసలే.

"లిఫ్టెందుకు ఆపారండీ ఇవాళే?" అని ఆమె మోకాళ్ల మీద చేతులానించి రొప్పింది. "గోడ బద్దలుకొట్టింది! తల్లి! నాలుగు రోజులైంది. పిల్ల కూడా వచ్చేసింది. దానికి ఎగరడం సరిగ్గా రాదు, ఏ కొమ్మ మీద పడుతుందో అని దాని వెంటే అవతలి లోయలోకి దిగిపోయాను. మీ డబ్బా దగ్గరికి కూడా రాలేదు. పొద్దున ముగ్గురూ శిఖరం దాటారు, ఇటువైపే. నేను అడ్డదారిన పరిగెత్తుకొచ్చాను. మీరు చూడాలి. మీరు చూడకపోతే..."

ఆమె మాట సగంలో ఆపి చెయ్యెత్తింది. అలవాటుగా వేలు పెదవుల మీదికి వెళ్లింది.

హూప్... హూప్... హూప్...

కొండ వైపు నుంచి, మబ్బుల కింద, ముందు అల్లుడుగారు. వెనక, కొత్త ఈకలు నిగనిగలాడుతూ, నెలల తరబడి చీకట్లో ఉన్న ఆవిడ. మధ్యలో, తడబడుతూ, ఒక రెక్క ఎక్కువా ఒక రెక్క తక్కువా ఆడిస్తూ, ముక్కు మీద కొమ్ము ఇంకా మొలవని పిల్ల. తలల మీదుగానే వెళ్లారు. ఆ గాలికి ఆమె జుట్టు కదిలిందని కెప్టెన్ ఇప్పటికీ ఒట్టేసి చెప్తాడు. కింద ఎవరో కూరల సంచితో ఆగిపోయి తలెత్తారు. ఒక స్కూటర్ ఆగింది. ముగ్గురూ మేడిచెట్టు మీద వాలితే చెట్టు చెట్టంతా ఊగి, అక్క షాపు ముందు పండ్లు టపటపా రాలాయి.

ఏ తొర్రలోనో వేలెడు చీలిక వెనక ఉన్న ప్రాణం ఇవాళ ఇంత ఆకాశం దాటి వచ్చింది. తమకు తెలియకుండానే దాన్ని ఆపబోయారు. తెలిసి పక్కకు తప్పుకున్నారు. అంత చిన్న పనికి ఇంత పెద్ద బహుమానమా అనిపించింది కెప్టెన్‌కి.

"ఆ రోజు ఏదో చెప్పబోయి ఆగారు," అంది ఆమె. "జాగ్రత్తగా ఉండమని కాదు. అది నాకు తెలుసు."

"మీరు రావద్దన్నారుగా."

"పిల్ల బయటికొచ్చేవరకే కదా రావద్దంది! రోజూ మీ సాక్సులు వేసుకున్న మనిషి మీకోసం ఎదురుచూడట్లేదనుకున్నారా?"

అతను చెప్పాడు. గుసగుసగా.

"వినపడలేదు."

ఇంకోసారి చెప్పాడు. అంతకంటే మెల్లగా.

ఆమె నవ్వింది. మొదటిసారి నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోకుండా, గలగలా. "గట్టిగా చెప్పండి కెప్టెన్. ఇక్కడ ఎవరూ ఎగిరిపోరు. నేను అసలే ఎగరను."

"నువ్వంటే నాకు ప్రాణం! గుడారంలో దోమ కుట్టిన రోజు నించీ!"

ఆ కేక మెషీన్ గది గోడలకు తగిలి, తాళ్లు దిగే కంతల్లోంచి లిఫ్టు బావిలోకి జారి, ఎనిమిదంతస్తులూ దిగింది. ఆ తర్వాత అడుగు నించి అక్క గొంతు ఎక్కి వచ్చింది.

"వినపడిందిరా! నాకు సమ్మతమే! ఆ పిల్ల ఏమంది?"

ఆమె వెళ్లి మెషీన్ గదిలో నేల మీద మోకరించి, కంత దగ్గర నోరు పెట్టింది. "నాకూ సమ్మతమే వదినా!"

కింద షాపులో చప్పట్లు. డాక్టరుగారి దగ్గు కూడా వినిపించింది. అంటే చాలామందే ఉన్నారన్నమాట.

"కిందికి రండి ఇద్దరూ! పెయింటు డబ్బాలో ఒక గింజ మొలకెత్తింది, చూపిస్తాను!"

కెప్టెన్ చెవులు ఎర్రబడ్డాయి. "రెండు నిమిషాలు ఆగు, లిఫ్టు వేసేస్తాను," అని స్పానర్ అందుకోబోయాడు.

ఆమె అతని మణికట్టు పట్టుకుంది, ఆ రోజు పట్టుకున్న చోటే. "వద్దు. మెట్ల మీద వెళ్దాం. మెల్లగా."

అయిదేళ్లుగా పరుగు తప్ప నడక ఎరగని మనిషి, ఆమె చెయ్యి పట్టుకుని, ఒక్కో మెట్టే దిగాడు.